పింఛను కాగితాల్లో ఏది హక్కు, ఏది అమానత్



మన ఇళ్లల్లో ఎవరైనా రిటైరవుతున్నారంటే మూడు ప్రశ్నలు వరసగా వస్తాయి. హజ్‌కి ఎప్పుడు వెళ్తున్నారు, బిటియా షాదీ ఎప్పుడు, మేడ మీద గది ఎప్పుడు వేస్తున్నారు. ఆ మూడింటికీ డబ్బు తెచ్చే కాగితాలను ఇంట్లో ఎవరు చదివారని మాత్రం ఎవరూ అడగరు. దస్తఖత్ పెట్టాల్సిన చోట పెన్సిల్‌తో టిక్కు పెట్టి ఇస్తారు, మనం పెట్టేస్తాం. బీవీలైతే వేలు చూపించిన చోట పెట్టేసి దుపట్టా సర్దుకుని లేచి వచ్చేస్తారు. ఆ సంతకం ఎందుకు పెట్టారో ఇంట్లో మయ్యత్ జరిగిన తర్వాతే తెలుస్తుంది.

నేను 2025 జూన్ 30న ప్రభుత్వ ఉన్నత పాఠశాల నుంచి రిటైరయ్యాను. నిజానికి నా పుట్టినరోజు ఎప్పుడో ఎవరికీ తెలీదు. బక్రీద్ వెళ్లిన రెండో వారం అని అమ్మీ అంటుంది. బడిలో చేర్చిన పంతులుగారు జూలై 1 అని రాశారు. మనవాళ్లలో చాలామందికి జూన్ 1, జూలై 1 పుట్టినరోజులు ఇలాగే వచ్చాయి. నెలలో ఒకటో తారీఖున పుట్టినవాళ్లు అంతకు ముందు నెల ఆఖరి రోజునే రిటైరవ్వాలని రూలు. ఆంధ్రప్రదేశ్‌లో వయసు 62 కాబట్టి పంతులుగారి కలం నన్ను జూన్ 30న ఇంటికి పంపింది.

మా అబ్బా రెవెన్యూ శాఖలో గుమాస్తా. 1994లో రిటైరై, 2016లో ఇంతిఖాల్ అయ్యారు. ఆయన పోయాక అమ్మీకి ఫ్యామిలీ పింఛను రావాలి. పింఛను పుస్తకంలో అమ్మీ పేరు చివర "బీ" అని ఉంది. ఆధార్‌లో "బేగం" అని ఉంది. బ్యాంకు పాస్‌బుక్‌లో ఆ రెండూ లేకుండా ముందు "ఎస్.కె." అని మాత్రం ఉంది. ఆఫీసులో కుర్చీలో ఉన్నాయన మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి, "ఈ ముగ్గురిలో ఆయన భార్య ఎవరమ్మా?" అన్నాడు. ఆయన వెటకారంగా అనలేదు, నిజంగానే అడిగాడు. అమ్మీ అప్పుడు ఇద్దత్‌లో ఉంది. నాలుగు నెలల పది రోజులు గడప దాటదు. నేనూ భాయీజాన్ తిరిగాం. మొత్తం ఏడు నెలలు పట్టింది.

ఆ ఏడు నెలలూ ఇల్లు ఎలాగో నడిచింది, అల్‌హమ్దులిల్లాహ్. కానీ అమ్మీ ఒకరోజు జానమాజ్ మడుస్తూ, "56 సాల్ కా నికాహ్, ఏక్ హర్ఫ్ కే వాస్తే ఝూట్ హోగయా క్యా?" అంది. ఒక్క అక్షరం కోసం ఇన్నేళ్ల కాపురం అబద్ధమైపోతుందా అని. ఆ మాట నాలో ఉండిపోయింది. నా వంతు వచ్చేసరికి ప్రతి కాగితం చదివిగానీ సంతకం పెట్టకూడదని, మావారితో, పిల్లలతో కూడా చదివించాలని అప్పుడే అనుకున్నాను. ఇప్పుడు రాస్తున్నదంతా ఆ చదువే.

ముందు పేరు సంగతి.

మన ఆంధ్ర ముస్లిం ఇళ్లల్లో షేక్, సయ్యద్, పఠాన్, మొహమ్మద్ అన్నవి ఇంటిపేరులా పేరుకి ముందు వస్తాయి. పాన్ కార్డు ఫారం మాత్రం ఇంటిపేరు వేరుగా, అసలు పేరు వేరుగా అడుగుతుంది. ఒకరు "షేక్"ని చివర పెడతారు, ఇంకొకరు ముందు పెడతారు, మూడో ఆయన నాన్న పేరు అందులో రాసేస్తాడు. ఆడవాళ్లకి ఇంకో తిప్పలు. నేను పుట్టింది షేక్‌ల ఇంట్లో, నికాహ్ అయింది పఠాన్‌ల ఇంట్లోకి. ఉద్యోగం 1989లో, నికాహ్‌కి ముందే వచ్చింది. కాబట్టి సర్వీస్ రిజిస్టర్‌లో షేక్‌ని, ఆధార్‌లో పఠాన్‌ని.

దీనికి నేను పాటించిన సూత్రం ఒకటే. సర్వీస్ రిజిస్టర్ వేరు, మిగతావి కొమ్మలు. ముప్పై ఏళ్ల ఇంక్రిమెంట్లు, ప్రమోషన్లు, జీపీఎఫ్ అన్నీ ఆ పేరు మీదే నడిచాయి. వేరుని మార్చడం కష్టం, కొమ్మల్ని మార్చడం తేలిక. అందుకని రిటైర్మెంట్‌కి రెండేళ్ల ముందే ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా మూడింటినీ సర్వీస్ రిజిస్టర్‌లో ఉన్న పేరుకి, అదే స్పెల్లింగ్‌కి తెచ్చుకున్నాను. "షేక్"కి ఇంగ్లీషులో నాలుగైదు రకాల స్పెల్లింగులు ఉన్నాయి కదా, కంప్యూటర్‌కి అవి నలుగురైదుగురు మనుషులు. మావారి పేరు కూడా అంతే. ఆధార్‌లో ఎలా ఉందో పింఛను ఫారంలో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాశాం. నికాహ్‌నామా ఉర్దూలో ఉంటుంది, తారీఖు హిజ్రీలో ఉంటుంది. ఆఫీసులో దాన్ని చదివేవాళ్లుండరు. సర్కారీ ఖాజీ దగ్గర ఇంగ్లీషు సర్టిఫికెట్ తీసుకుని, నకళ్లు జతచేయడం మేలు.

రెండోది ఫోటో. పింఛను కాగితాలతో పాటు భార్యాభర్తలిద్దరూ కలిసి దిగిన ఫోటో ఇవ్వాలి. దాంతోపాటు పుట్టుమచ్చల వివరాలు, నమూనా సంతకాలు ఉంటాయి. 1994లో అబ్బా ఈ ఫోటో కోసం అమ్మీని స్టూడియోకి తీసుకెళ్లారు. అమ్మీ జిందగీలో స్టూడియోలో దిగిన మొదటి ఫోటో అది. నఖాబ్ తీయడానికి చాలాసేపు ఒప్పుకోలేదట. అబ్బా జబర్దస్తీ చేయలేదు. ఫోటోగ్రాఫర్ భార్యని పిలిపించి, ఆమె చేత తీయించారు. ఎడమ చెంప మీద పుట్టుమచ్చ అని కాగితంలో రాయించారు. 2016లో తహసీల్దార్ ఇచ్చిన సర్టిఫికెట్‌తో పాటు ఆ ఫోటో, ఆ పుట్టుమచ్చే అమ్మీని గట్టెక్కించాయి. పర్దా పాటించే బెహనులకి నేను చెప్పేది ఇదే. ఈ ఫోటో షోకు కోసం దిగేది కాదు, మీ తరఫున గవాహీ చెప్పే కాగితం. ఆడ ఫోటోగ్రాఫర్‌ని వెతుక్కోండి, కానీ మానకండి.

ఇక డబ్బు. నాలాగ 2004 సెప్టెంబర్ 1కి ముందు ఉద్యోగంలో చేరినవాళ్ల లెక్క ఇది. ఆ తర్వాత చేరినవాళ్లు సీపీఎస్‌లో ఉంటారు, వాళ్ల కాగితాలు వేరు. మాకు 33 ఏళ్ల సర్వీసు నిండితే ఆఖరి మూలవేతనంలో సగం పింఛను. దాంతోపాటు ఒకేసారి చేతికొచ్చేవి నాలుగు. గ్రాట్యుటీ, మన రాష్ట్రంలో గరిష్ఠంగా 16 లక్షలు. జీపీఎఫ్‌లో దాచుకున్నది. మిగిలిన సెలవుల డబ్బు, గరిష్ఠంగా 300 రోజులకి. నాలుగోది కమ్యుటేషన్.

ఈ కమ్యుటేషన్ దగ్గరే మావారు ఆగిపోయారు. పింఛనులో 40 శాతం వరకు మనం వదులుకుంటే, దానికి బదులు దాదాపు ఎనిమిదేళ్ల మొత్తం ఒకేసారి ఇస్తారు. 15 ఏళ్ల తర్వాత పూర్తి పింఛను మళ్లీ మొదలవుతుంది. "అంటే ఖర్జే కదా? నీకు ఏమైనా అయితే మిగతా బాకీ ఎవరు కట్టాలి?" అన్నారు. చాలామంది ఇళ్లల్లో ఈ భయం ఉంది. కమ్యుటేషన్ అప్పు కాదు. పింఛనుదారు 15 ఏళ్లలోపు పోయినా మిగతాది కుటుంబం నుంచి వసూలు చేయరు. ఫ్యామిలీ పింఛనులో కూడా దాన్ని కోయరు, ఎందుకంటే ఫ్యామిలీ పింఛను లెక్కకట్టేది ఆఖరి జీతం మీద, కోసిన పింఛను మీద కాదు. కరువు భృతి కూడా కోతకు ముందున్న పూర్తి పింఛను మీదే లెక్కిస్తారు. ఈ మూడు ముక్కలు విన్నాక ఆయన మొహం తేటపడింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ డబ్బులన్నీ ఒకే ఆఫీసు నుంచి, ఒకే ఖాతాలోకి వస్తాయి. అందుకే అన్నీ ఒకటే అనిపిస్తుంది. షరీఅత్‌లోనూ, ఖానూన్‌లోనూ ఒకటి కావు.

అమ్మీకి ఏడు నెలల ఫ్యామిలీ పింఛను ఒకేసారి పడ్డ రోజు భాయీజాన్ కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నారు. "అబ్బా డబ్బే కదా, విరాసత్ ప్రకారం పంచేద్దాం. అమ్మీకి ఎనిమిదో వంతు, మిగతాది మనకి ఇద్దరికొకటి లెక్కన" అన్నారు. ఆయన మనసులో దురాశ లేదు. ఫరాయిజ్ పాటించాలన్న ఖుదా భయమే ఉంది. అమ్మీ కూడా తల ఊపింది. మొహల్లా ఇమామ్ సాబ్‌ని అడిగితే ఆయన ఒక్కటే ప్రశ్న వేశారు. "యే పైసే కిస్కే నామ్ పే ఆయే?" ఎవరి పేరు మీద వచ్చాయి అని. అమ్మీ పేరు మీద. "అయితే అబ్బా వదిలివెళ్లినవి కావు. ఆయన పోయాక సర్కారు బేవాకి ఇస్తున్నవి. తర్కా అంటే మయ్యత్ తన మిల్కియత్‌లో వదిలి వెళ్లినది" అన్నారు.

ఖానూన్ కూడా ఇదే చెబుతుంది. ఫ్యామిలీ పింఛను చనిపోయిన ఉద్యోగి ఆస్తిలో భాగం కాదని, దాన్ని వీలునామాలో ఇంకొకరికి రాయడం కుదరదని సుప్రీంకోర్టు 1991లో తీర్పు ఇచ్చింది. అంటే ఆ నెలనెలా వచ్చే డబ్బు మొత్తం బేవాది. కొడుకులకి అందులో హిస్సా లేదు. ఆమె ఇష్టపడి ఇస్తే అది ఆమె ఎహసాన్.

దీనికి తిరగేసిన తప్పు కూడా మన ఇళ్లల్లో జరుగుతుంది. బ్యాంకు ఖాతాకో, జీపీఎఫ్‌కో ఎవరి పేరు నామినీగా ఉంటే మొత్తం వాళ్లదే అనుకుంటారు. నామినీ మాలిక్ కాదు, అమీన్. డబ్బు అందుకుని హక్కుదారులకి చేర్చేవాడు. బ్యాంకు ఖాతా గురించి సుప్రీంకోర్టు 2010లో ఇదే చెప్పింది. 2009లో ఒక కేసులో ఉద్యోగంలో చేరినప్పుడు ప్రావిడెంట్ ఫండ్‌కి తల్లిని నామినీగా రాసిన మనిషి, పెళ్లయ్యాక పేరు మార్చకుండానే చనిపోయాడు. నామినీ అయినంత మాత్రాన మొత్తం తల్లిది అయిపోదని, భార్యకి వారసురాలిగా వాటా ఉందని కోర్టు తేల్చింది. ఆ కుటుంబం మన మజ్హబ్‌ది కాదు, వాళ్ల వాటాలు వేరు. కానీ నామినీ ఎవరన్న సంగతి అందరికీ ఒకటే.

కాబట్టి జీపీఎఫ్, సెలవుల డబ్బు, చేతికొచ్చి బ్యాంకులో వేసుకున్న గ్రాట్యుటీ, చనిపోయిన నెలలో ఆ రోజు వరకు రావలసిన పింఛను, ఇవన్నీ తర్కా. ముందు కఫన్ దఫన్ ఖర్చు, తర్వాత అప్పులు, బాకీ ఉన్న మెహర్ కూడా అప్పే, తర్వాత మూడో వంతు మించకుండా వసియ్యత్, ఆపైన వారసుల వాటాలు. పిల్లలుంటే భార్యకి ఎనిమిదో వంతు, భర్తకి నాలుగో వంతు. నా విషయంలో చెప్పాలంటే, నేను ముందు పోతే నా ఖాతాలో ఉన్నదాంట్లో మావారిది నాలుగో వంతు. నా ఫ్యామిలీ పింఛను మాత్రం పూర్తిగా ఆయనదే. టైలరింగ్ చేసుకునే మనిషి, కళ్లు తగ్గుతున్నాయి. ఆఖరి మూలవేతనంలో 30 శాతం, దాని మీద కరువు భృతి అంటే ఆయనకి చిన్న మొత్తం కాదు. ఈ తేడా ఒక కాగితం మీద తెలుగులో రాసి, పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి చదివి వినిపించాను. మా అబ్బాయి, "ఇప్పుడెందుకమ్మా ఈ మాటలు?" అన్నాడు. ఖురాన్‌లో అన్నింటికన్నా పెద్ద ఆయత్ నమాజ్ గురించో రోజా గురించో కాదు బేటా, అప్పు లావాదేవీ కాగితం మీద రాసుకోవడం గురించి, సూరె బఖరాలో ఉంది చూడు అన్నాను. తర్వాత మాట్లాడలేదు.

జీపీఎఫ్ గురించి ఇంకో రెండు సవాళ్లు తరచూ వస్తాయి. అందులో కలిపే వడ్డీ సూద్ అవుతుందా? ఇన్నేళ్లకీ జకాత్ కట్టాలా? మన హనఫీ ఉలమాలో ఎక్కువమంది చెప్పేది ఇది. జీతంలోంచి తప్పనిసరిగా కోసే భాగం మన చేతికి రాకముందే పోతుంది, మన ఖబ్జాలో లేని డబ్బు మీద సర్కారు కలిపి ఇచ్చేది సూద్ కిందికి రాదు. మనంతట మనం ఎక్కువ కోయించుకున్న భాగంలో మాత్రం జాగ్రత్త పడమంటారు. జకాత్ డబ్బు చేతికొచ్చాకే, గడిచిన ఏళ్లకి కాదు. అప్పటికే మీరు సాహిబె నిసాబ్ అయితే, దానికి వేరే సంవత్సరం లెక్కపెట్టనక్కర్లేదు. మీ మామూలు జకాత్ తారీఖు నాటికి ఎంత మిగిలి ఉందో దాని మీద రెండున్నర శాతం. మీ సొంత లెక్క మాత్రం మీ ఆలిమ్‌కి చూపించుకోండి.

ఇప్పుడు ఇన్‌కమ్ టాక్స్. దీని పేరెత్తితే మన ఆపాలు లేచి వంటగదిలోకి వెళ్లిపోతారు. కూర్చోండి, అంత కష్టం కాదు.

ప్రభుత్వ ఉద్యోగికి గ్రాట్యుటీ, కమ్యుటేషన్, రిటైర్మెంట్ నాటి సెలవుల డబ్బు, జీపీఎఫ్, ఈ నాలుగింటి మీదా పన్ను లేదు. ప్రైవేటు ఉద్యోగులకి వీటిలో కొన్నింటికి పరిమితులున్నాయి, మనకి లేవు. నెలనెలా వచ్చే పింఛనుకి మాత్రం జీతంలాగే పన్ను లెక్క ఉంటుంది.

చిక్కు ఎక్కడంటే, రిటైరైన సంవత్సరంలో. నాకు 2025-26లో ఏప్రిల్ నుంచి జూన్ వరకు జీతం బడి నుంచి, జూలై నుంచి పింఛను ట్రెజరీ నుంచి. బడివాళ్లకి నా పింఛను కనబడదు, ట్రెజరీవాళ్లకి నా జీతం కనబడదు, బ్యాంకు వడ్డీ ఇద్దరికీ కనబడదు. ఎవరి లెక్క వాళ్లకి సరిగ్గానే ఉంటుంది. మూడూ కలిపి చూడాల్సింది మనమే. అందుకే ఫారం-16లు రెండు చోట్లా అడిగి తీసుకోవాలి. ఇన్‌కమ్ టాక్స్ సైట్‌లో ఏఐఎస్ అని ఒక పట్టీ ఉంటుంది. మన పాన్ మీద ఎక్కడెక్కడ ఏ ఆదాయం నమోదైందో అందులో కనిపిస్తుంది. పిల్లల చేత అది తీయించి పక్కన పెట్టుకోండి.

తేలికైన అంకెలతో చెబుతాను. మూడు నెలల జీతం 3,60,000. తొమ్మిది నెలల పింఛను 4,05,000. బ్యాంకు వడ్డీ 60,000. మొత్తం 8,25,000. కొత్త విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోతే 7,50,000. 2025-26కి కొత్త విధానంలో 12 లక్షల వరకు రిబేటు ఉంది కాబట్టి పన్ను సున్నా. అదే పాత విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 50,000, సీనియర్లకి వడ్డీ మీద ఇచ్చే 50,000, పొదుపుల కింద 1,50,000 తీసేసినా 5,75,000 మిగులుతుంది. దాని మీద సెస్సుతో కలిపి 26,000 కట్టాలి. ఇరవై ఏళ్లుగా పాతదే రాస్తున్నాం కదా అని అలవాటుగా అదే రాస్తే 26,000 పోయినట్టే. అందరికీ కొత్తదే లాభం అనను. రెండూ వేసి చూసుకుని రాయండి అంటున్నాను.

పన్ను సున్నా అయితే రిటర్న్ వేయనక్కర్లేదు అనుకోవద్దు. 2025-26కి కొత్త విధానంలో ఆదాయం 4 లక్షలు దాటితే, కట్టాల్సింది సున్నా అయినా జూలై 31లోగా రిటర్న్ వేయాలి. పన్ను రాని గ్రాట్యుటీ వగైరా కూడా మినహాయింపు కింద చూపించాలి. ఖాతాలో ఒకేసారి లక్షలు పడ్డాయి కాబట్టి, అవి ఎక్కడివో మన కాగితమే చెప్పడం మంచిది.

ఇక్కడ మన బిరాదరీలోనే జరిగే ఒక సంగతి చెప్పాలి. బ్యాంకు వడ్డీని మనలో చాలామంది ముట్టుకోరు. సవాబ్ నియ్యత్ లేకుండా గరీబులకి ఇచ్చేస్తారు. మాషాఅల్లాహ్. అయితే "నేను వాడుకోలేదు కదా, నా ఆదాయం ఎలా అవుతుంది?" అని టాక్స్ కాగితాల్లో రాయరు. మన ఖాతాలో జమ అయిన మరుక్షణం ప్రభుత్వం లెక్కలో అది మన ఆదాయమే. బ్యాంకు మన పాన్ మీద నమోదు చేస్తుంది. తర్వాత మనం ఎవరికిచ్చామో అక్కడ లెక్కలోకి రాదు. రాయకపోతే నోటీసు వస్తుంది. వడ్డీని పారేసుకోవడం తఖ్వా, దాన్ని డిక్లరేషన్‌లో దాచడం తఖ్వా కాదు. రాసేయండి, ఆ తర్వాత మీ ఇష్టప్రకారం వదిలించుకోండి.

సీనియర్లకి ఒక బ్యాంకులో వడ్డీ ఏడాదికి లక్ష దాటితే టీడీఎస్ కోస్తారు. మొత్తం ఆదాయం మీద పన్నే లేని అరవై దాటినవాళ్లు, ఇన్నాళ్లూ 15హెచ్ అని పిలిచిన డిక్లరేషన్ ఇస్తే కోయరు. అది కూడా ఒక గవాహీ. "నా మీద పన్ను లేదు" అని సంతకం చేస్తున్నాం. లెక్కవేసి చూడకుండా బ్యాంకు కుర్రాడు ఇచ్చాడు కదా అని సంతకం చేయకూడదు. కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు తేదీ 2026 ఏప్రిల్ 1, అందులో సెక్షన్ల నంబర్లు వేరు. అందుకే నేను నంబర్లు రాయలేదు. నంబరు మరిచిపోయినా సంగతి గుర్తుంటే చాలు.

బేవా బెహనులకి ఒక మాట. ఫ్యామిలీ పింఛను పన్ను లెక్కలో జీతం కాదు, ఇతర ఆదాయం. దానికి స్టాండర్డ్ డిడక్షన్ రాదు. వచ్చినదాంట్లో మూడో వంతు, లేదా కొత్త విధానంలో 25,000, పాతదాంట్లో 15,000, ఏది తక్కువైతే అది తీసేయొచ్చు. అమ్మీ రిటర్న్ నేనే చూస్తాను. ఆమె ఆదాయం పరిమితిలోపే ఉంటుంది, అయినా ఏటా కూర్చోబెట్టి లెక్క చూపిస్తాను. ఆమె డబ్బు, ఆమెకి తెలియాలి.

ఇంకొకటి మిగిలింది, బతికే ఉన్నామని ఏడాదికోసారి చెప్పుకునే కాగితం. 2014 నవంబర్‌లో జీవన్ ప్రమాణ్ వచ్చాక వేలిముద్రతో పని అయిపోతోంది. అమ్మీ లాంటి వాళ్లకి మాత్రం, ఏళ్ల తరబడి గిన్నెలు తోమి, బట్టలుతికి వేళ్ల మీద గీతలే మిగల్లేదు. మెషిన్ మూడుసార్లు వద్దంది. ఇప్పుడు ఫోన్‌లో మొహం చూపించే పద్ధతి ఉంది. ఇంట్లోనే, మనవరాలి చేతిలో ఫోను పెడితే అయిపోయింది. పర్దా గొడవ లేదు, లైను లేదు. ఆ మెసేజ్ చూసి అమ్మీ, "సర్కార్ కూ మాలూమ్ హోగయా, మై జిందా హూఁ" అని నవ్వింది.

నా గ్రాట్యుటీ వచ్చాక ఇంట్లో ఎవరి లెక్కలు వాళ్లు మొదలుపెట్టారు. తప్పులేదు, పిల్లలు కదా. మావారితో కలిసి హజ్ దరఖాస్తుకి పక్కన పెట్టాం. మిగతాది కొంతకాలం కదపకూడదని చెప్పేశాను. పిల్లలకి జీవించి ఉండగా ఇచ్చేది హిబా, అది ఇవ్వాల్సి వస్తే ఇద్దరికీ బరాబర్‌గా ఇస్తానని కూడా చెప్పాను. అంతకన్నా ముందు ఒక ఫైలు తయారుచేశాను. పీపీఓ నకలు, జంట ఫోటో, నికాహ్‌నామా, ఖాజీ సర్టిఫికెట్, ఆధార్, పాన్, ట్రెజరీ చిరునామా, బ్యాంకు పాస్‌బుక్, రిటర్న్ రసీదు. పైన ఒక తెల్ల కాగితం మీద ఎవరి పేరు మీద ఏది హక్కు, ఏది అమానత్ అని రాశాను. నేను పోయిన మొదటి వారంలో ఎక్కడికి వెళ్లాలి, ఏ కాగితం పట్టుకెళ్లాలి అన్నది కూడా అందులో ఉంది. అది బీరువాలో ఎక్కడుందో మావారికి, మా అమ్మాయికి, అబ్బాయికి తెలుసు.

మీ ఇంట్లో ఎవరైనా రిటైరవుతుంటే, లేదా ఎప్పుడో రిటైరై ఉంటే, ఈ జుమా తర్వాత ఒక గంట తీసుకోండి. పింఛను పుస్తకం బయటికి తీయండి. అందులో ఉన్న బీవీ పేరు, ఆధార్‌లో ఉన్న పేరు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చదవండి. చదివేటప్పుడు ఆమె పక్కనే ఉండాలి. తేడా ఉంటే ఇవాళే సరిదిద్దించండి, ఇద్దరూ సలామత్‌గా ఉండగానే. అల్లాహ్ మనందరికీ ఆసాన్ చేయుగాక. ఆమీన్.